పరుగు ఆమెది, పగ్గాలెవరివి?

కెన్యా వంటి తూర్పు ఆఫ్రికా దేశాల అమ్మాయిలను అమెరికా కాలేజీల పరుగు జట్లలోకి ఎంపిక చేసుకోవడం గురించి సాధారణంగా రెండు వాదనలు వినిపిస్తాయి. పేదపిల్లలకు చదువు దొరుకుతోంది కదా అన్నది మొదటిది. మా పిల్లలకు దక్కాల్సిన స్కాలర్‌షిప్పులు విదేశీయులు పట్టుకుపోతున్నారన్నది అమెరికాలో వినిపించే రెండోది. ఒకదానిలో ఆమె దయకు పాత్రురాలు, రెండోదానిలో చొరబాటుదారు. హక్కులున్న మనిషిగా ఆమె రెండింటిలోనూ కనిపించదు.

అసలు ఆ స్కాలర్‌షిప్ ఎక్కడినుంచి వచ్చింది? కెన్యా పురుషులకు ఈ దారి ముందే తెరుచుకుంది. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో చదువుతూ హెన్రీ రోనో 1978లో 81 రోజుల్లో నాలుగు ప్రపంచ రికార్డులు సృష్టించాడు. స్త్రీలకు దారి తెరిచింది మాత్రం 1972లో అమెరికన్ స్త్రీలు పోరాడి సాధించుకున్న టైటిల్ నైన్ చట్టం. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలు ఆడ, మగ తేడా చూపకూడదని ఆ చట్టం చెప్పింది. ఒక్క ఫుట్‌బాల్ జట్టుకే 85 మంది మగవాళ్లకు స్కాలర్‌షిప్పులు ఇచ్చే పెద్ద కాలేజీలు, లెక్క సరిచేయడానికి ఆడవాళ్ల జట్లను పెంచక తప్పలేదు. అందుకే 2025 వరకు డివిజన్ వన్ పరుగు, ట్రాక్ విభాగాల్లో స్త్రీలకు గరిష్ఠంగా 18 స్కాలర్‌షిప్పులుంటే పురుషులకు 12.6 మాత్రమే ఉండేవి. ఒక దేశపు స్త్రీల పోరాట ఫలితం మరో దేశపు అమ్మాయికి అందడంలో తప్పేముంది? అందులో మనం సంతోషించవలసినదే ఉంది.

ఆ అవకాశం విలువ తెలియాలంటే ఆమె వదిలి వచ్చిన చోటు కూడా చూడాలి. 2021 అక్టోబరులో కెన్యాలోని ఇటెన్‌లో 25 ఏళ్ల ఆగ్నెస్ తిరోప్ తన ఇంట్లోనే హత్యకు గురైంది. ఆమె భర్తపై హత్యానేరం మోపారు. 2024 సెప్టెంబరులో ఉగాండా రన్నర్ రెబెకా చెప్టెగీపై ఆమె మాజీ సహచరుడు కెన్యాలో పెట్రోలు పోసి నిప్పంటించాడు. కాళ్లతో సంపాదించే స్త్రీ సంపాదనపై, భూమిపై పెత్తనం మగవాడిదే కావాలనే పితృస్వామ్యం మనకు కొత్తదేమీ కాదు. అలాంటి చోట చేతిలో ఒక డిగ్రీ ఉండడమంటే పరుగు ఆగిపోయాక కూడా ఒక బతుకు ఉండడం. టెక్సస్ టెక్‌లో తొమ్మిది వ్యక్తిగత జాతీయ టైటిళ్లు గెలిచిన శాలీ కిప్యెగో అక్కడే నర్సింగ్ చదివింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పదివేల మీటర్ల పతకమూ తెచ్చుకుంది.

అయితే ఇంటి పగ్గాలు వదిలినంత మాత్రాన పగ్గాలే లేకుండా పోవు. ఎఫ్-1 వీసా సంగతి ఇవాళ మన తెలుగు ఇళ్లలో చాలామందికి తెలుసు. చదువు సాగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. కాలేజీలో చదువు ఆగితే దేశంలో ఉండే హక్కూ ఆగుతుంది. 2021 జూలై నుంచి కాలేజీ క్రీడాకారులు తమ పేరుతో, బొమ్మతో ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు. కానీ పక్కనే పరిగెత్తే అమెరికన్ అమ్మాయికి న్యాయమైన ఆదాయం, ఈమెకు వీసా ఉల్లంఘన అయ్యే ప్రమాదం. జట్టు ఒకటే, చెమట ఒకటే, హక్కులు మాత్రం రెండు రకాలు.

గాయమైతే? గర్భం వస్తే? స్కాలర్‌షిప్ పోతుందన్న భయంతో అబార్షన్ చేయించుకున్నామని కొందరు కాలేజీ అథ్లెట్లు 2007లో టెలివిజన్‌లో చెప్పిన తర్వాతే, గర్భం కారణంగా ఆ ఏడాది సాయం తీసేయకూడదని ఎన్‌సీఏఏ 2008లో నియమం చేసింది. టైటిల్ నైన్ నిబంధనలు అంతకు ముప్ఫై ఏళ్ల ముందునుంచే ఆ వివక్షను నిషేధించాయి! చట్టం ఉండడం వేరు, అది ఉందని ఆమెకు తెలియడం వేరు. తెలిసినా, ఫిర్యాదు చేస్తే కోచ్‌కు కోపం వస్తుందని, కోచ్ కాదంటే చదువు, వీసా రెండూ పోతాయని భయపడే పరిస్థితిలో ఆ హక్కు కాగితం దాటి రాదు.

కాబట్టి ‘విదేశీ అమ్మాయిలను తీసుకోవాలా వద్దా’ అన్న చర్చ దగ్గరే ఆగిపోతే లాభం లేదు. ఏ షరతులపై తీసుకుంటున్నారు అన్నది ప్రశ్న కావాలి. ఒప్పందంపై సంతకం పెట్టే ముందే అది ఆమెకు అర్థమయ్యే భాషలో చేతికి అందాలి. గాయమైనా, పరుగు మందగించినా డిగ్రీ పూర్తయ్యే వరకు ఫీజు, తిండి, వసతి హామీగా ఉండాలి. గర్భం, లైంగిక వేధింపుల విషయంలో కోచ్‌తో సంబంధం లేని చోట ఫిర్యాదు చేసుకునే వీలుండాలి. ప్రకటనల ఆదాయంలో వీసా అడ్డంకి తొలగించాలి. ఆమె దేశంలోని స్త్రీల సంఘాలకు ఈ ఎంపిక ప్రక్రియలో చోటుండాలి.

చదువు కోసం, ఉపాధి కోసం ఊరు దాటే ఆడపిల్లలతో పనిచేస్తున్న మనకు ఈ జాబితాలో ఒక్క అంశం కూడా అపరిచితం కాదు. అవకాశం ఇచ్చాం కదా అని హక్కుల గురించి అడగవద్దనే వాళ్లను మనం ఇక్కడా చూస్తూనే ఉన్నాం. అవకాశం పేరుతో మౌనాన్ని కొనుక్కోవడాన్ని అక్కడైనా, ఇక్కడైనా ప్రశ్నించవలసిందే.