చేతులు మారే లోడు, కరిగిపోయే కిరాయి

పెద్దాపురం రైసుమిల్లుల నుంచి ఒక లోడు చెన్నై వెళ్లాలి. మిల్లు యజమాని 40,000 రూపాయల కిరాయి ఒప్పుకున్నాడనుకుందాం. బండి దొరకని బ్రోకరు ఆ లోడును 36,000కు మరో బ్రోకరుకు అప్పగిస్తాడు. అతడు లారీ యజమానితో 32,000కు మాట్లాడుకుంటాడు. డీజిలు, టోలు ఖర్చులు తగ్గవు గనుక కోత చివరికి డ్రైవరు బత్తా మీద పడుతుంది. సరుకు దించాక రావలసిన బాకీకి రెండో బ్రోకరు ఫోను ఎత్తడు. మిల్లువారేమో తామిచ్చేశామంటారు.

లోడు కుదిర్చినవాడు కమీషను తీసుకోవడం తప్పు కాదు. చెప్పకుండా చేతులు మార్చడమే తప్పు. సరుకు రవాణా వ్యాపారానికి రిజిస్ట్రేషను ఉండాలని, తీసుకున్న సరుకుకు రసీదు ఇవ్వాలని 2007 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. ఫోనులో కుదిరిన బేరానికి కాగితం ఉండదు. బాకీ అడగడానికి ఆధారమూ ఉండదు.

ప్రియులారా, కూలి ఏ రోజుది ఆ రోజే ఇవ్వాలని మోషే ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. మన సంఘాల్లో మిల్లర్లున్నారు, వ్యాపారులున్నారు, డ్రైవర్ల కుటుంబాలూ ఉన్నాయి. లోడు ఇచ్చేవారు బండి ఎవరిదో అడగండి. కిరాయి కాగితం మీద రాయించండి. బాకీ నేరుగా లారీవారికే చెల్లించండి.