జెంటూలు, తిలంగాలు, మద్రాసీలు

క్విజ్‌లో ఎప్పటికీ పాతబడని ప్రశ్న ఒకటుంది. జర్మన్లు తమ దేశాన్ని డాయిచ్‌లాండ్ అంటారు. మరి మనం జర్మనీ అని ఎందుకంటాం? జపాన్ వాళ్లకి తమ దేశం నిహోన్. ఫిన్లాండ్ వాళ్లకి సువోమి. గ్రీసు వాళ్లకి ఎల్లాడా. మనకి ఇంట్లో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు ఉన్నట్టు దేశాలకి కూడా రెండేసి పేర్లు ఎందుకు?

ఈ ప్రశ్నని జనరల్ నాలెడ్జ్ కింద చదివి వదిలేయకూడదని నా అభిప్రాయం. ఎందుకంటే దీని జవాబు పట్టుకుని నడిస్తే చివరికి మన హాస్టల్ కారిడార్‌లో తేలతాం.

ముందు జర్మనీ సంగతి చూద్దాం. రోమన్లు రైన్ నదికి అవతలి నేలని జర్మానియా అన్నారు. ఇంగ్లిష్ ఆ మాటని తీసుకుంది, ఇంగ్లిష్ నుంచి మనం తీసుకున్నాం. ఫ్రెంచివాళ్లకి పక్కనే ఉన్న తెగ అలమాన్ని, కాబట్టి వాళ్లకి ఆ దేశం మొత్తం అల్మాన్యే. ఫిన్లాండ్ వాళ్లకి పరిచయమైంది శాక్సన్లు, కాబట్టి శాక్సా. పోలండ్ వాళ్లు ఏకంగా నియెంత్సీ అన్నారు. ఆ మాటకి మూలం 'మూగవాళ్లు' అని చెప్తారు. అంటే మన భాష రానివాడు మూగవాడి కిందే లెక్క అన్నమాట! దేశం ఒక్కటే, పేర్లు నాలుగు. పేరు పెట్టినవాడు ఎక్కడ నిలబడి చూశాడు, ముందు ఎవరు కనపడ్డారు అన్నదాన్ని బట్టి పేరు మారిపోయింది.

గ్రీసుదీ ఇదే కథ. పడమర నుంచి చూసిన రోమన్లు గ్రేకియా అన్నారు. తూర్పు నుంచి చూసిన పారశీకులకి ముందు తగిలింది అయోనియా తీరం. అదే మన సంస్కృతంలో యవన అయింది, ఉర్దూలో యూనాన్ అయింది. చార్మినార్ పక్కనున్న యునానీ ఆసుపత్రి పేరులో ఉన్నది గ్రీసు దేశమే. ఇక మన సంగతి చెప్పనక్కర్లేదు. సింధు నది పారశీకుల నోట్లో హిందు అయి, గ్రీకుల నోట్లో ఇండోస్ అయి, తిరిగి తిరిగి ఇండియాగా మన రాజ్యాంగం మొదటి అధికరణంలోకి వచ్చింది, పక్కనే భారత్‌తో కలిసి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన తెలుగువాళ్లని ఎవరెవరు ఏమేం అన్నారో ఎప్పుడైనా లెక్కపెట్టారా?

తమిళులు మనల్ని వడుగులు అన్నారు. అంటే ఉత్తరాదివాళ్లు. వాళ్లకి మనం ఉత్తరాన ఉన్నాం, నిజమే కదా.

పోర్చుగీసువాళ్లు వచ్చి క్రైస్తవులు కానివాళ్లని జెంటియో అన్నారు. ఆ మాట ఇంగ్లిష్‌లో జెంటూ అయింది. మొదట్లో దానికి హిందువులనే అర్థం. 1776లో హాల్‌హెడ్ తెచ్చిన హిందూ ధర్మశాస్త్రాల పుస్తకం పేరులో ఉన్న జెంటూ అదే. మద్రాసు వైపు మాత్రం ఆ మాట తెలుగువాళ్లకీ తెలుగు భాషకీ అతుక్కుపోయింది. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం టైటిల్‌లోనే ఈ భాషని మామూలుగా జెంటూ అంటారని ఉంది. మరుసటి ఏడాది వచ్చిన విలియం బ్రౌన్ వ్యాకరణం పేరైతే నేరుగా జెంటూ భాషా వ్యాకరణమే. నన్నయ నుంచి అప్పటికి దాదాపు ఎనిమిది వందల ఏళ్ల సాహిత్యం ఉన్న భాషకి, మతాన్ని బట్టి ఒక విదేశీయుడు వేసిన లేబుల్ అది.

మలయ్ తీరంలో మనం కెలింగ్. కళింగ నుంచి వచ్చిన మాట అది. పాత మలయ్ గ్రంథాల్లో దానికి దక్షిణ భారతం నుంచి వచ్చినవాళ్లు అనే మామూలు అర్థమే. కానీ కూలీల కాలం వచ్చేసరికి ఆ మాటలో వెటకారం చేరింది. ఇవాళ మలేషియాలో భారత సంతతివాళ్లని ఆ మాట అంటే తిట్టినట్టే. బర్మాలోనేమో మనవాళ్లు కోరంగీలు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కి వెళ్లారు కాబట్టి ఆ పేరు. శ్రీకాకుళంవాడైనా, విశాఖవాడైనా రంగూన్‌లో దిగాక కోరంగీయే.

వీటన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించింది తిలంగా అనే మాట. ఈస్టిండియా కంపెనీ మద్రాసు నుంచి బెంగాల్‌కి తీసుకెళ్లిన తొలి సిపాయిల్లో తెలుగువాళ్లున్నారు. అందుకని ఉత్తరాదిన కంపెనీ సిపాయికి తిలంగా అని పేరు పడింది. తర్వాత బెంగాల్ సైన్యంలో చేరినవాళ్లలో ఎక్కువమంది ఔధ్, బీహార్ ప్రాంతాల రైతుబిడ్డలు. అయినా పేరు మారలేదు. 1857లో తిరుగుబాటు సిపాయిలు ఢిల్లీలోకి వచ్చినప్పుడు ఆ ఊరివాళ్లు వాళ్లని తిలంగాలనే అన్నారు. ఒక్క తెలుగు ముక్క రాని మనిషి తిలంగా అయ్యాడు!

ఇక మద్రాసీ గురించి మనకే బాగా తెలుసు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయింది. హైదరాబాద్ రాజ్యం అసలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే లేదు. అయినా ఆదిలాబాద్ కుర్రాడు ఢిల్లీలో ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే మద్రాసీయే. తమిళులకి ఉత్తరాదివాళ్లం, ఢిల్లీకి మద్రాసువాళ్లం. మధ్యలో మనం ఎక్కడున్నామో మనల్ని అడిగినవాడు లేడు.

ఇంతవరకు చదివి "అవును, అన్యాయం" అనిపిస్తే, ఒక్క నిమిషం ఆగి అద్దం ఇటు తిప్పండి.

తిలంగా కథ లాంటిదే మన భాషలో ఇంకో మాట ఉంది, తురక. టర్కు అనే జాతి పేరు నుంచి వచ్చింది. మధ్య ఆసియా నుంచి వచ్చిన పాలకులకి పెట్టిన పేరు. కాలం గడిచేకొద్దీ ముస్లింలందరికీ అదే పేరయింది, చివరికి ఉర్దూ కూడా తురకం అయిపోయింది. మన ఊళ్లలో దూదేకుల కుటుంబాలు ఎన్నో ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. వాళ్ల తాతముత్తాతలు టర్కీని మ్యాప్‌లో కూడా చూసి ఉండరు. ఔధ్ రైతుబిడ్డ ఢిల్లీలో తిలంగా అయినట్టే, తెలుగు మాట్లాడే మనిషి సొంత ఊళ్లో తురక అయ్యాడు. మొదటిది విని నవ్వుకున్నాం. రెండోది విని నవ్వగలమా?

అరవ అనే మాట కూడా చూడండి. చాలా పాత మాట, నిఘంటువుల్లో ఉంది. తమిళదేశంలోని అరువానాడు అనే ప్రాంతం పేరు నుంచి వచ్చిందని ఒక వాదన. అదే నిజమైతే అది కూడా అలమాన్ని, కోరంగి లాంటిదే. అందులో తప్పేం లేదు. కానీ ఇవాళ మనం ఆ మాటని ఏ టోన్‌లో వాడుతున్నాం? మన సినిమా కామెడీలో విన్న ఎవరికైనా తెలుసు.

ఇక క్యాంపస్‌కి వద్దాం. మిజోరం నుంచి వచ్చిన క్లాస్‌మేట్‌ని "నువ్వు నేపాలా, చైనానా?" అని అడిగేవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఈశాన్యంలో ఎనిమిది రాష్ట్రాలున్నాయి, వాటి పేర్లు వరసగా చెప్పమంటే అరుణాచల్, అసోం తర్వాత చాలామంది బండి ఆగిపోతుంది. ఆఫ్రికాలో యాభై నాలుగు దేశాలున్నాయి. టాంజానియా నుంచి వచ్చినా, సూడాన్ నుంచి వచ్చినా మన దగ్గర మాత్రం అందరూ "నైజీరియా వాళ్లే". హిందీ మాట్లాడితే చాలు "నార్త్ బ్యాచ్", అందులో ఇండోర్ లేదు, పాట్నా లేదు. మనల్ని మద్రాసీ అన్నవాడు చేసిన పనికీ దీనికీ తేడా ఏంటో ఎవరైనా చెప్తే వినాలనుంది.

"పేరులో ఏముంది బ్రో, జర్మన్లు ఫీలవుతున్నారా?" అని ఒక ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. రేపటి నుంచి డాయిచ్‌లాండ్ అనమని నేను చెప్పడం లేదు. జర్మనీ అంటే వాళ్లకేం అభ్యంతరం లేదు. కొందరికి ఉంది, వాళ్లు చెప్పారు కూడా. ఇంగ్లిష్‌లో తమ దేశం పేరూ ఒక కోడి పేరూ ఒకటే కావడం టర్కీకి నచ్చలేదు. 2022లో తుర్కియే అని రాయమని ఐక్యరాజ్యసమితిని కోరితే వాళ్లు సరేనన్నారు. తమాషా ఏంటంటే అదే కోడిని టర్కీ భాషలో హిందీ అంటారు, అంటే ఇండియాది అని. ఆ పక్షి నిజానికి అమెరికాది! స్వాజిలాండ్ కూడా 2018లో ఎస్వాతినీ అయింది. మన పక్కనే 2011లో ఒరిస్సా ఒడిశా అయింది, మనం అలవాటు పడలేదా?

అన్ని చోట్లా ఇంత తేలిక కాదన్నదీ నిజమే. 1989లో బర్మాని మయన్మార్ అన్నది సైనిక ప్రభుత్వం. దాన్ని వ్యతిరేకించినవాళ్లు చాలాకాలం బర్మా అనే అన్నారు. "వాళ్లు ఏమనుకుంటే అదే అందాం" అంటే, వాళ్లలో ఎవరు అన్న ప్రశ్న కూడా పుడుతుంది. దానికి నాకు తోచిన జవాబు ఒకటే: దేశాల సంగతి దేశాలు చూసుకుంటాయి, మన ముందు కూర్చున్నది మాత్రం ఒక మనిషి. ఆ మనిషిని అడిగితే సరిపోతుంది.

క్యూరియాసిటీ తప్పు కాదు. "మీది ఏ ఊరు? మీ భాషలో మీ ఊరిని ఏమంటారు?" అనేది చాలా మంచి ప్రశ్న. "నువ్వు చైనానా?" అనేది ప్రశ్న గుర్తు తగిలించుకున్న జవాబు. పోర్చుగీసువాడు జెంటియో అన్నప్పుడు, ఢిల్లీవాడు తిలంగా అన్నప్పుడు చేసింది ఇదే. ఎదుటి మనిషిని అడక్కుండా జవాబు రాసేసుకున్నారు.

మన కాలేజీలో ఎన్ని రాష్ట్రాల వాళ్లున్నారో, ఎన్ని భాషలున్నాయో చూస్తూనే ఉన్నాం. నాలుగేళ్లు ఒకే మెస్‌లో తిని, డిగ్రీ చేతికొచ్చాక కూడా పక్క రూమ్‌వాడు "ఆ నార్త్ ఈస్ట్ వాడు" గానే మిగిలిపోతే, యునానీ ఎక్కడి మాటో చెప్పి క్విజ్‌లో ఎన్ని పాయింట్లు కొట్టినా లాభం లేదు.