ఓపీ చీటీలో లేని ప్రశ్న

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడు చేతుల నిండా దద్దుర్లతో ఆస్పత్రికి వెళ్తే ఓపీ చీటీ మీద పేరు, వయసు, బీపీ రాస్తారు. ‘అలర్జీ’ అని తేల్చి పైపూత మందు ఇస్తారు. తగ్గుతుంది. డ్యూటీకి వెళ్లగానే మళ్లీ వస్తుంది. ఏ సెక్షన్‌లో, ఏ రసాయనంతో పని అని మాత్రం ఎవరూ అడగరు. రోగిని వృత్తి అడగాలని ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లోనే చెప్పాడు.

మన చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్ ప్రకారం, జాబితాలోని వృత్తి వ్యాధి అని డాక్టరు భావిస్తే చాలు, చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు రాసి పంపాల్సి ఉండేది. దాని స్థానంలోకి వచ్చిన 2020 వృత్తి భద్రత కోడ్ కూడా ఈ బాధ్యతను అలాగే ఉంచింది. రుజువు చేయాల్సిన భారం డాక్టరుది కాదు. అయినా రిపోర్టు రాసే చేయి ముందుకు రాదు. పరీక్ష ఫలితం రాకముందే జ్వరానికి యాంటీబయాటిక్ మొదలుపెట్టే మనిషే ఇక్కడ పూర్తి ఆధారం కావాలంటాడు. ఓపీ వరస, కంపెనీతో తలనొప్పి, ఉద్యోగం పోతుందన్న కార్మికుడి భయం కలిసి రిపోర్టు రాయాలా వద్దా అన్నది నిర్ణయిస్తున్నాయి.

ఒక్క రోగిని చూసి కారణం చెప్పడం కష్టమే, ఒప్పుకోవాలి. పదిమంది చీటీలు పక్కపక్కన పెడితేనే అది కనబడుతుంది. పటాన్‌చెరులోనే ప్రాక్టీసు చేసిన డాక్టర్ కిషన్‌రావు తన రోగుల జబ్బులను నక్కవాగు కాలుష్యంతో కలిపి చూశారు, ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కాలుష్యం కేసులో దెబ్బతిన్న పొలాలకు ఎకరాల లెక్కన పరిహారం దక్కింది. ఒంటికి అలాంటి లెక్క కట్టాలంటే ముందు రికార్డు ఉండాలి.

ఈఎస్ఐలో వైకల్యాన్ని తేల్చేది మెడికల్ బోర్డు. దాని ముందుకు ‘అలర్జీ’ చీటీలే వెళ్తే కార్మికుడి వాదనకు బలమేముంటుంది? కంపెనీ, సెక్షన్, రసాయనం, ఎన్నేళ్ల పని — ఈ నాలుగు వివరాలకు ఓపీ చీటీలో ఒక గడి చాలు. రామచంద్రాపురం ఈఎస్ఐ ఆస్పత్రి, సంగారెడ్డి జిల్లా వైద్య అధికారులు ఆ గడిని వెంటనే చేర్చాలి.