కరువు నేలకు మనసు చదివిన బిడ్డలు కావాలి

అనంతపురం కరువును గురించి మాట్లాడినప్పుడల్లా పడని వానను, ఎండిన వేరుశనగను, తీరని అప్పును లెక్కిస్తాం. ఆ కరువు మనుషుల లోపల చేసిన నష్టాన్ని మాత్రం ఏ అధికారీ నమోదు చేయడు, ఏ బీమా సంస్థా అంచనా వేయదు. ఆ నష్టాన్ని గుర్తించి, మాన్పడానికి పనికివచ్చే విద్య ఒకటుంది. దాని పేరు హెల్త్ సైకాలజీ, అంటే ఆరోగ్య మనస్తత్వ శాస్త్రం. ఇంటర్మీడియెట్ పూర్తయిన వెంటనే చేరి అయిదేళ్లలో పీజీ పట్టాతో బయటకు రాగల ఇంటిగ్రేటెడ్ కోర్సుగా అది మన తెలుగు నేల మీదే, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉంది. అనంతపురం ముస్లిం పిల్లలు ఆ చదువు వైపు నడవాలన్నది మా అభిప్రాయం. వారు నడిచే దారిలో ఉన్న ముళ్లను తీయవలసిన బాధ్యత ప్రభుత్వానిది, సముదాయానిది.

ముందుగా ఈ నేల సంగతి. పడమటి కనుమల వెనుక వానచాటున పడినందువల్ల నైరుతి రుతుపవనం ఇక్కడికి అలసిపోయి వస్తుంది. తూర్పు తీరానికి దూరమైనందువల్ల ఈశాన్య రుతుపవనమూ అంతంత మాత్రమే. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. ఒకే పంట మీద ఆధారపడిన సేద్యం, ఎండిన బోర్లు, చాలా గ్రామాల్లో ఫ్లోరైడు నీరు, బెంగళూరుకు వలస, రైతుల ఆత్మహత్యలు ఈ జిల్లాను దశాబ్దాలుగా వెంటాడుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా చీలి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది గాని, కరువు రెండు వైపులా మిగిలింది.

ఉమ్మడి జిల్లా జనాభాలో దాదాపు పదిమందిలో ఒకరు ముస్లింలు. కదిరి, హిందూపురం, గుంతకల్లు, తాడిపత్రి వంటి పట్టణాల్లో చిల్లర వ్యాపారులుగా, మెకానిక్కులుగా, రాయదుర్గం జీన్స్ కుట్టు కేంద్రాల్లో దర్జీలుగా, పల్లెల్లో కూలీలుగా, చిన్నకారు రైతులుగా వారు బతుకుతున్నారు. దూది ఏకడం కులవృత్తిగా బతికిన దూదేకుల కుటుంబాలకు యంత్రాల పరుపులు వచ్చాక ఆ వృత్తీ చేజారింది. పొలం ఉన్నవాడికి పంటనష్ట పరిహారమైనా ఎప్పుడో ఒకప్పుడు అందుతుంది. పంట పోయినప్పుడు ఊరి దర్జీకి, గాజుల వ్యాపారికి, తోపుడుబండి వాడికి బేరాలు పోతాయి. ఆ నష్టానికి పరిహారం లేదు.

ఆ బాధ ఏ రూపంలో బయటపడుతుంది? "నాకు దిగులు జబ్బు ఉంది" అని ఎవరూ అనరు. "దిల్ ఘబ్రారా" అంటారు. గుండె దడ అంటారు, నిద్ర పట్టడం లేదంటారు, తల బరువంటారు, నరాల బలహీనత అంటారు. ఈసీజీ తీస్తారు, స్కానింగ్ చేస్తారు, అంతా బాగానే ఉందంటారు, గ్యాస్ మాత్రలు రాసిస్తారు. అప్పు మరికొంత పెరుగుతుంది. చివరికి "గాలి సోకింది" అన్న మాటతో తాయెత్తు దగ్గర తేలుతుంది. ఆ మనిషి అబద్ధం చెప్పలేదు. శరీరం చెప్పిన మాటనే చెప్పాడు. దానిని వినడం నేర్చినవారు అతని దారిలో ఎదురుపడలేదు.

ఇది ఒక్క జిల్లా కథ కాదు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. దిగులు, ఆందోళన వంటి సాధారణ రుగ్మతలున్న వారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. అంటే అనంతపురం బాధ ఆ దేశపు లెక్కలోకి కూడా ఎక్కలేదు.

ఈ శాస్త్రం ఏం చేస్తుంది?

రోగం ఒక్క శరీరంలో పుట్టదు. శరీరం, మనసు, సమాజం మూడూ కలిసి దానిని పెంచుతాయి, మూడూ కలిస్తేనే అది తగ్గుతుంది. అమెరికా వైద్యుడు జార్జ్ ఎంగెల్ 1977లో ఈ వాదాన్ని ఒక సిద్ధాంతంగా నిలబెట్టాడు. మరుసటి ఏడాదే అమెరికా మనస్తత్వవేత్తల సంఘంలో హెల్త్ సైకాలజీకి ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఈ ఆలోచన మనకు పరాయిదేమీ కాదు. పదో శతాబ్దంలో కన్నుమూసిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహానికి, మనసుకు కలిపి ఆరోగ్య గ్రంథం రాశాడు. శరీరం వలెనే మనసుకూ జబ్బు చేస్తుందని, ఒకదాని బాధ రెండోదానికి సోకుతుందని ఆయన వివరించాడు. ఆ వారసత్వం గురించి సభల్లో గర్వంగా చెప్పుకొనే మనం, దానిని చదువుగా మన పిల్లల చేతికి ఇవ్వలేదు.

క్షయ రోగి ఆరు నెలల మందులను రెండో నెలలోనే ఎందుకు మానేస్తాడు? దగ్గు తగ్గింది గనుక, వలస పోవాలి గనుక, ఊళ్లో తెలిస్తే కూతురి సంబంధం చెడుతుందన్న భయం గనుక. మధుమేహం ఉన్నవారు రంజాన్ రోజాల సంగతి డాక్టరుకు చెప్పకుండా తమంతట తామే ఇన్సులిన్ ఎందుకు మార్చుకుంటారు? చెబితే వద్దంటారన్న జంకు వల్ల. బీడీ, గుట్కా మానాలని తెలిసీ ఎందుకు మానలేరు? ఫ్లోరైడు వల్ల కీళ్లు బిగిసిన మనిషి రోజువారీ నొప్పితో ఎలా బతకాలి? ఈ ప్రశ్నలకు మందుల చీటీలో జవాబు ఉండదు. హెల్త్ సైకాలజీ పని ఇక్కడే మొదలవుతుంది. ఇది వైద్యుడికి పోటీ కాదు. వైద్యుడు రాసిన మందు రోగి జీవితంలో నిలిచేలా చేసే విద్య.

ఈ పనికి భాష ప్రాణం. దక్కనీలో ఏడ్చే తల్లి మాటను దుబాసీ ద్వారా విని ప్రయోజనం లేదు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల రైతు యాసను వేరే రాష్ట్రం నుంచి వచ్చిన నిపుణుడు పట్టుకోలేడు. రోజా అంటే ఏమిటో, ఇద్దత్‌లో ఉన్న స్త్రీ ఏకాంతం ఎటువంటిదో, గల్ఫ్‌కు వెళ్లిన భర్త ఫోను కోసం ఎదురుచూపు ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కావాలి. అందుకే ఇక్కడి పిల్లలే ఈ చదువు చదవాలంటున్నాం.

అయిదేళ్లు ఒకే గొడుగు కింద

ఇంటిగ్రేటెడ్ కోర్సు మన పిల్లలకు ఎందుకు మేలు? డిగ్రీ ఒక చోట, పీజీ మరొక చోట అయితే మధ్యలో ఒక గుమ్మం ఉంటుంది. మళ్లీ ప్రవేశ పరీక్ష, మళ్లీ ఫీజు, మళ్లీ ఇంట్లో అనుమతి. మన ఆడపిల్లల్లో ఎందరి చదువో ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతున్నది. పేరున్న కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో ఇరవై అయిదుగురిలో ఒకరు, పీజీ స్థాయిలో యాభైమందిలో ఒకరు మాత్రమే ముస్లింలని 2006లో సచార్ కమిటీ తేల్చింది. డిగ్రీకి, పీజీకి మధ్య మన సంఖ్య సగానికి పడిపోతున్నదన్నమాట. ఒకసారి చేరితే అయిదేళ్లూ నడిచే కోర్సు ఆ గుమ్మాన్ని తొలగిస్తుంది.

అయితే పిల్లలను భ్రమల్లో పెట్టడం మాకు ఇష్టం లేదు. ఈ ఎమ్మెస్సీ ఒక్కటే క్లినికల్ సైకాలజిస్టును చేయదు. అందుకు భారత పునరావాస మండలి గుర్తించిన ప్రత్యేక శిక్షణ, ఆ మండలి నమోదు తప్పనిసరి. మందులు రాసే అధికారం సైకియాట్రిస్టుదే. కానీ ఆసుపత్రుల్లో కౌన్సెలింగ్, హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాలు, కౌమార ఆరోగ్య కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన, బోధన వంటి రంగాలు ఈ విద్యకు దగ్గరవి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ప్రవర్తనా ఆరోగ్య నిపుణులను వృత్తి నిపుణులుగా గుర్తించింది. చేరే ముందే ఈ తేడాలన్నీ తల్లిదండ్రులకూ, విద్యార్థికీ తెలిసి ఉండాలి.

రెండు జాబితాల మధ్య

అసలు చిక్కు రిజర్వేషన్ దగ్గర ఉంది. రాష్ట్ర కళాశాలల్లో 2007 చట్టం ప్రకారం బీసీ-ఇ కింద 4 శాతం సీట్లు ముస్లిం వెనుకబడిన వర్గాలకు దక్కుతున్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఆ కోటా లేదు. అక్కడ చెల్లేది కేంద్ర ఓబీసీ జాబితా. అందులో బీసీ-ఇ అనే విభాగమే లేదు. దూదేకుల, మెహతర్ వంటి వర్గాల పేర్లు అందులో ఉన్నందున ఆ పిల్లలు ఓబీసీగా దరఖాస్తు చేయవచ్చు. పక్కింటి షేక్ పిల్లవాడు అనంతపురంలో వెనుకబడినవాడు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం గేటు దాటగానే వెనుకబడనివాడు. అతని పేదరికం ఏ మైలురాయి దగ్గర తీరిపోయిందో ప్రభుత్వాలే చెప్పాలి.

అలాంటివారికి ఈడబ్ల్యూఎస్ కోటా ఉంది కదా అంటారు. అందులో ఆదాయ పరిమితితో పాటు భూమి పరిమితి కూడా ఉంది. కుటుంబానికి అయిదెకరాలు, ఆపైన సాగుభూమి ఉంటే అనర్హులు. గోదావరి డెల్టాలో కాలువ కింది అయిదెకరాలూ, కళ్యాణదుర్గం దగ్గర వాన కోసం ఆకాశం చూసే అయిదెకరాల మెట్టా ఈ నిబంధన దృష్టిలో ఒకటే. కరువు నేలలో భూమి ఉండటం ఆస్తి కాదు, చాలాసార్లు అప్పుకు మూలం. మెట్టభూములకు వేరే కొలత కావాలని మేము డిమాండ్ చేస్తున్నాం. రాష్ట్రంలో వెనుకబాటు నిరూపితమైన ముస్లిం వర్గాలను కేంద్ర జాబితాలో చేర్చే ప్రయత్నం రాష్ట్ర ప్రభుత్వం చేపట్టాలి. పరిశోధన దాకా వెళ్లదలచిన మైనారిటీ విద్యార్థులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో నిలిపివేసింది. దానిని పునరుద్ధరించాలి.

దర్గా గుమ్మంలో

మనవైపు తప్పులూ ఉన్నాయి. మానసిక రోగులను దర్గాలకు తీసుకువెళ్లే అలవాటు మతభేదం లేకుండా సాగుతున్నది. ప్రార్థన ఇచ్చే ఊరటను మేము కాదనడం లేదు. కానీ 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపంలో ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు చెలరేగితే, గొలుసులతో కట్టివేసిన పాతికమందికి పైగా రోగులు పారిపోలేక కాలిపోయారు. మనుషులను గొలుసులతో కట్టడాన్ని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 నిషేధించింది. అదే చట్టపు 18వ సెక్షన్ ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యాన్ని ప్రతి వ్యక్తి హక్కుగా ప్రకటించింది.

గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గాలో 2008 నుంచి "దవా-దువా" పేరిట మరొక దారి కనిపించింది. దర్గా ప్రాంగణంలోనే వైద్యం అందించారు. ముజావర్లే రోగులను డాక్టరు దగ్గరకు పంపారు. దువా ఆగలేదు, దవా మొదలైంది. పెనుకొండ బాబయ్య దర్గాకు, గూగూడు పీర్ల పండుగకు హిందూ ముస్లింలు వేలాదిగా వచ్చే మన జిల్లాల్లో ఇది ఎందుకు సాధ్యం కాదు? సాధ్యమే. అందుకు కావలసింది ఆ గుమ్మంలో కూర్చొని మన భాషలో మాట్లాడగల, చదువుకున్న మనిషి.

ఏం చేయాలి?

హైదరాబాద్ సుమారు 360 కిలోమీటర్ల దూరం. ప్రతి బిడ్డా అంత దూరం వెళ్లలేదు. 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2018లో మొదలైన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం రెండూ అనంతపురంలోనే ఉన్నాయి. కరువు, ఫ్లోరైడు, వలస, అప్పు వంటి అంశాలను పాఠ్యాంశాలుగా చేసుకొని అయిదేళ్ల హెల్త్ సైకాలజీ కోర్సును ఇక్కడే నడపాలి. ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. విద్యార్థులు శిక్షణ పొందడానికి ఇంతకంటే ఏం కావాలి? చదివినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పోస్టులు సృష్టించకపోతే ఆ పట్టాలు బెంగళూరు కార్పొరేట్ ఆసుపత్రులకే ఉపయోగపడతాయి.

సముదాయం చేయవలసింది అంతకంటే సులభం. ఇంటర్ ఫలితాలు రాగానే ఇంజనీరింగ్, ఫార్మసీ తప్ప మరొక మాట వినిపించని మన ఇళ్లలో ఈ పేరు కూడా వినిపించాలి. "పిచ్చివాళ్ల చదువు, దీనితో సంబంధాలు రావు" అనే మాటను పెద్దలే ఖండించాలి. జమాఅత్‌లు, విద్యా సంఘాలు ప్రవేశ ప్రకటన వెలువడక ముందే కులధ్రువీకరణ, ఆదాయ పత్రాలు సిద్ధం చేయించాలి. తమ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉన్నదో లేదో ముందుగా చూపించాలి. జకాత్ నిధిలో అర్హులైన ఒకరిద్దరు విద్యార్థుల హాస్టలు ఖర్చుకు చోటు ఇవ్వాలి. ఇమాములు జుమా ప్రసంగంలో ఏడాదికి ఒక్కసారైనా మనోవ్యాధి అవమానం కాదని చెప్పాలి. ఉచితంగా తెలుగులో మాట్లాడే టెలి-మానస్ నెంబరు 14416ను ప్రతి మస్జిద్ నోటీసు బోర్డు మీద రాయాలి.

కరువును మనం ఆపలేకపోవచ్చు. కరువు మనిషిని లోపలినుంచి తినేస్తున్నప్పుడు అతడు ఒంటరిగా ఉండకుండా చూడటం మాత్రం మన చేతిలో ఉంది. రానున్న విద్యా సంవత్సరంలో ఒక్కో పట్టణం నుంచి ఒక్క బిడ్డనైనా ఈ చదువుకు పంపుదాం. కదిరి నుంచి ఒకరు, హిందూపురం నుంచి ఒకరు, గుంతకల్లు నుంచి ఒకరు చాలు. అయిదేళ్ల తరువాత "దిల్ ఘబ్రారా" అన్న మాటకు ఈ నేల మీద జవాబు చెప్పేవారు ఉంటారు.