గోడకు చెమ్మ పడితే పైన పెయింట్ వేసేస్తున్నారా..? బ్రిటన్‌లో జరిగింది చూస్తే వైజాగ్ వాళ్లు జాగ్రత్త పడాల్సిందే!

వాన ఆగి వారమైనా బెడ్‌రూమ్ గోడ ఆరడం లేదా? పెయింట్ ఉబ్బి పెచ్చులుగా రాలుతోందా? బీరువా వెనక నల్లటి ఫంగస్ కనిపిస్తోందా? వైజాగ్‌లో చాలా ఇళ్లలో ఇదే గోల. "సముద్రం పక్కన ఉన్నాం కదా, మామూలే" అని సర్దుకుపోతుంటారు. కానీ ఇది సర్దుకుపోయే విషయం కాదు.

బ్రిటన్‌లో ఏమైందంటే..

కరెంటు, గ్యాస్ బిల్లులు తగ్గించాలని అక్కడి ప్రభుత్వ పథకాల కింద వేల ఇళ్ల గోడలకు ఇన్సులేషన్ వేశారు. తీరా చూస్తే సీన్ రివర్స్! బయటి గోడలకు ఇన్సులేషన్ వేసిన ఇళ్లలో 98 శాతం, అంటే 22 వేల నుంచి 23 వేల ఇళ్లలో పని మళ్లీ సరిచేయాల్సిందేనని నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2025 అక్టోబర్‌లో తేల్చింది. అలాగే వదిలేస్తే చెమ్మ, ఫంగస్ తప్పవని హెచ్చరించింది. అనుభవం లేని సబ్ కాంట్రాక్టర్లు, సరైన తనిఖీలు లేకపోవడమే కొంప ముంచాయి.

మరి మనకేంటి సంబంధం?

మన దగ్గర కూడా ఇళ్లు వేడెక్కకుండా కట్టాలంటూ కేంద్రం 2018 డిసెంబర్‌లో ఎకో నివాస్ సంహిత తెచ్చింది. ఏసీ బిల్లు తగ్గాలంటే ఇన్సులేషన్ మంచిదే. కానీ తడి గోడను కప్పేస్తే ఆ తడి బయటకు పోయే దారి ఉండదు. బ్రిటన్‌లో చాలా ఇళ్లకు రెండు వరసల గోడ, మధ్యలో ఖాళీ ఉంటాయి. బయటి వరస తడిసినా నీళ్లు ఆ ఖాళీలో కిందికి జారిపోతాయి. మనకు సాధారణంగా ఉండేది ఒకటే గోడ. ప్లాస్టరింగ్‌లో పగులు వస్తే నీళ్లు నేరుగా లోపలికే!

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వాన అడ్డంగా ఎలా కొట్టిందో వైజాగ్ వాళ్లకు చెప్పక్కర్లేదు. దానికి తోడు ఉప్పు గాలి. గోడలో చేరిన ఉప్పు గాలిలోని తేమను కూడా లాగేస్తుంది. అదే ఉప్పు పిల్లర్లలోని ఇనుము దాకా వెళ్తే తుప్పు పట్టి కాంక్రీట్ పగులుతుంది. ఇక ఏసీ గదిలో గోడకు ప్లాస్టిక్ వాల్‌పేపర్ అంటిస్తే.. బయటి నుంచి వచ్చే తేమ దాని వెనకే చిక్కుకుని ఫంగస్ పెరుగుతుంది.

ఇలా చెక్ చేయండి

* ప్లాస్టిక్ షీట్ ముక్కను నాలుగు వైపులా టేప్‌తో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. షీట్ వెనక తడి ఉంటే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు. పైన తడి ఉంటే గదిలోని తేమ.
* చెమ్మ నేల దగ్గర మొదలై పైకి పాకితే పునాది నుంచి, కిటికీ చుట్టూ ఉంటే సన్‌షేడ్ లేదా పగుళ్ల నుంచి, బాత్‌రూమ్ గోడకు అవతల ఉంటే పైపు నుంచి వస్తుండొచ్చు.
* ముందు నీళ్లు వచ్చే దారి మూయించండి. గోడ పూర్తిగా ఆరాకే పుట్టీ, పెయింట్. గది తేమే అయితే కిటికీలు తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి.

ఫ్లాట్ కొన్నవాళ్లూ.. ఇది మర్చిపోవద్దు

మీ ప్రాజెక్టు రెరా పరిధిలో ఉంటే, ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్లలోపు తన దృష్టికి తెచ్చిన నిర్మాణ లోపాలను బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. 2016 చట్టంలోని సెక్షన్ 14 చెప్పేది ఇదే. అందుకే మచ్చ కనిపించగానే తేదీతో ఫొటో తీసి, బిల్డర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. స్పందించకపోతే ఏపీ రెరాలో ఫిర్యాదు చేయొచ్చు.

మీరే పెయింట్ వేసి కప్పేస్తే.. మచ్చతో పాటు మీ దగ్గరున్న సాక్ష్యం కూడా పోతుంది. ఆ 5 ఏళ్లు మాత్రం ఎవరి కోసమూ ఆగవు!