ఉప్పు మడుల్లో ప్లాస్టిక్ సంచి పొడి కాకముందే

నౌపడ అనగానే ఉప్పు గుర్తుకొస్తుంది. ఆ ఉప్పును నింపే తెల్లటి ప్లాస్టిక్ నేత సంచి మీద మాత్రం ఎవరి చూపూ నిలవదు. చినిగిన సంచిని గట్టున పారేస్తే ఎండకు అదే పోతుందిలే అనుకుంటాం. అది పోదు, పొడి అవుతుంది. ఉప్పు పండే చోట ఆ పొడి తిండిలోకి చేరే ప్రమాదం ఉంది. అందుకే ఖాళీ సంచులను గట్టిగా ఉండగానే మడుల నుంచి ఎత్తివేయాలి.

కారణం సంచి పట్టీ తయారీలోనే కనిపిస్తుంది. ఈ సంచులు చాలావరకు పాలీప్రొపిలీన్‌వి. కరిగించి రేకుగా పోసి చల్లార్చినప్పుడు దాని పొడవాటి అణు గొలుసులు మడతలు పడి పలుచని స్ఫటికాలవుతాయి. అవి ఒక కేంద్రం నుంచి నలువైపులా పెరిగి గుండ్రటి గుత్తులు కడతాయి. ఆ రేకును సన్నని పట్టీలుగా కోసి, వేడి చేసి, అనేక రెట్లు పొడవయ్యేలా సాగదీస్తారు. అప్పుడు గుత్తులు చెదిరి, స్ఫటికాలు ముక్కలై, లాగిన దిశలో బారులు తీరి నారలవుతాయి. బలమంతా ఆ దిశకే చేరుతుంది. అందుకే పట్టీని పొడవునా లాగితే తెగదు, గోటితో చీలిస్తే మాత్రం నిలువునా విడిపోతుంది. స్ఫటికానికీ స్ఫటికానికీ మధ్య లంకెగా ఉన్న కొద్ది గొలుసులే దాన్ని నిలబెడతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఆక్సిజన్ కలిసి తెంపేది సరిగ్గా ఆ లంకెలనే. స్ఫటికాలు మిగిలినా వాటిని కలిపేది ఉండదు కనుక పట్టీ పెళుసుబారి రాలిపోతుంది.

సాగదీతతో దగ్గరైన స్ఫటికాలు ఆక్సిజన్‌ను అడ్డుకుంటాయి కదా, ఎండను తట్టుకునే రసాయనాలూ కలుపుతారు కదా అని అడగవచ్చు. నిజమే, కానీ అవి నష్టాన్ని వాయిదా వేస్తాయే తప్ప ఆపవు. సముద్రపు నీటిలోనే ప్లాస్టిక్ ఉన్నప్పుడు సంచులను తప్పుపట్టడం ఎందుకన్నది మరో ప్రశ్న. 2018లో ఐఐటీ బొంబాయి పరిశోధకులు మన దేశపు ఉప్పు బ్రాండ్లలో మైక్రోప్లాస్టిక్ ముక్కలను, నారలను గుర్తించారు. సముద్రం తెచ్చేదాన్ని నౌపడ ఒక్కటే ఆపలేదు. గట్టున మనం కలిపేదాన్ని మాత్రం ఆపగలదు.

గోనె సంచికి మారడం తేలిక కాదు. దాని ధర ఎక్కువ, పైగా ఉప్పు చెమ్మను పీల్చుకుంటుంది. కాబట్టి నిషేధం అడగడం లేదు. ఎండకు తట్టుకునే సంచులే కొనాలి, ఖాళీవాటిని నీడన ఉంచాలి, పాత సంచి తిరిగిస్తే డబ్బు దక్కాలి. ఆ ఖర్చు వ్యాపారులు భరించాలి గానీ మడుల్లో పనిచేసేవారి కూలిలో కోయకూడదు. గట్టిగా ఉన్న సంచిని సేకరించి, కరిగించి మళ్లీ వాడవచ్చు. పొడైపోయినదాన్ని ఎవరూ ఏరలేరు.