దూరమున నున్న చేయి

గడచిన వేసవి సెలవులకు ముందు ఒకనాటి సాయంకాలము, మన పై తరగతుల విద్యార్థులు కొందఱు బల్లచుట్టును గూర్చుండి, పాచికలు దొర్లించుచు, కాగితములమీద అంకెలు వేసికొనుచు, పెద్ద వివాదములో మునిగియుండగా చూచితిని. జూదమేమో యని శంకించి దగ్గఱకు బోయితిని. అది జూదము కాదు. రాబోవు కాలమునందలి యొక మహానగరమును ఊహించుకొని, ఒక్కొక్కడు ఒక్కొక్క పాత్రను ధరించి, మాటలతో నడిపించు కథాక్రీడ. ఆనాటి వివాదమేమనగా, డ్రోను దెబ్బతినినపుడు దానిని నడుపువానికిని దెబ్బ తగులవలయునా, వలదా? వారు నన్ను తీర్పు చెప్పుమనిరి. ఆనాడు చెప్పలేకపోయితిని. ఆలోచించిన పిమ్మట నాకు తోచినదానిని ఇందు వ్రాయుచున్నాను.

ఈ క్రీడల నెఱుగనివారికి కొంచెము చెప్పవలసియున్నది. అమెరికా దేశీయుడగు మైక్ పాండ్‌స్మిత్ రచించిన సైబర్‌పంక్ 1988లో వెలువడెను; దాని తరువాతి కూర్పులలో నొకటియగు సైబర్‌పంక్ రెడ్ 2020లో వచ్చెను. ఫాసా యను సంస్థ 1989లో షాడోరన్ అను క్రీడను ప్రకటించెను. రెంటియందును మనుష్యునకు వలెనే వాహనమునకును అంకెలు గలవు. సైబర్‌పంక్ రెడ్‌లో బండి యెంత దెబ్బకు తాళునో ఒక అంకె తెలుపును. ప్రమాదకరమైన మలుపు వచ్చినపుడు, నడుపువాని చుఱుకుదనమును, నేర్పును, పదిముఖముల పాచికమీద పడిన అంకెను కలిపి, ఆ మొత్తము పని యొక్క కష్టమును మించినదా యని చూతురు. మించనియెడల బండి అదుపు తప్పును. షాడోరన్ కూర్పులలో కొన్నిటియందు బండి యొక్క అదుపునకు రాదారిమీద నొక అంకెయు, దారి లేనిచోట వేఱొక అంకెయు నుండును. వానాకాలమున మన కరకట్టమీద సైకిలు త్రొక్కినవారికి ఇది న్యాయమని వేఱుగ చెప్పనక్కఱలేదు.

షాడోరన్‌లో రిగ్గరు అను పాత్ర కలదు. యంత్రములను నడుపుటయే వాని వృత్తి. అతడు డ్రోనునకు ఆజ్ఞ యిచ్చి, తరువాతి పనిని దాని యంత్రబుద్ధికి విడువవచ్చును. చేతి పరికరముతో దూరమునుండి నడుపవచ్చును. లేదా తన శరీరమునందమర్చిన సాధనము ద్వారా తన మనస్సునే దానిలో ప్రవేశపెట్టవచ్చును. ఇట్లు ప్రవేశించినపుడు డ్రోను కెమెరా వాని కన్నగును, దాని రెక్కలు వాని చేతులగును. అప్పుడు డ్రోనునకు గుండు తగిలిన, ఆ బాధలో కొంత పాలు వానికిని సంక్రమించును. మన విద్యార్థులు తీసివేయవలెనన్నది ఈ నియమమునే.

వారి వాదము తేలికయైనది కాదు. లెక్కలు హెచ్చినకొలది ఆట మందగించుననిరి. మనుష్యుని అపాయమునకు దూరముగ నుంచుటకే గదా డ్రోను పుట్టినది, దెబ్బ తగులుచుండిన దానివలన లాభమేమి యనిరి. మొదటి మాటను నేనొప్పుకొందును. మూడు మార్లు పాచిక వేయుచోట ఒక్క మారు చాలును. రెండవ మాటను మాత్రము ఒప్పుకొనజాలను.

మనలో గిలకలదిండినుండి వచ్చు పిల్లలున్నారు. వారి పెద్దలు ఇసుక మేటవేసిన మొగను దాటుటకు పోటుకై కనిపెట్టుకొని యుందురు. సరంగు చుక్కాని పట్టినపుడు పడవతోపాటు తానును ఆ నీటిమీదనే యుండును. పడవ నేలకు తట్టిన, తన ప్రాణమునకే ముప్పు. అందుచేత వాని జాగ్రత్తను సముద్రమే నేర్పినది. ఒడ్డున గూర్చుండి మీట నొక్కువానికి అట్టి గురువు లేడు. వానికి ప్రాణాపాయము లేకుండుట మంచిదే. కాని తాను చేయుదాని బరువు తెలియకుండుట మంచిది కాదు. ఆ లోటును నియమము తీర్పవలయును.

ఇది ఊహానగరపు సంగతి మాత్రమే కాదు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగరు ప్రాంతము మునిగినపుడు, మేడలమీద చిక్కుకొన్నవారికి డ్రోనులు అన్నపు పొట్లములను, నీళ్లను, మందులను అందించినవి. ఆ దినములలోనే కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద రాగా, నడుపువాడు లేక కొట్టుకొనివచ్చిన పెద్ద పడవలు ప్రకాశము బరాజు గేట్ల కౌంటర్ వెయిట్లను ఢీకొని పాడుచేసినవి. దివిసీమ కరకట్టల వెంబడి జనులు రాత్రులు మేలుకొని యుండగా జరిగిన సంగతి యిది. మనుష్యుడు ఎక్కని వాహనమొకటి ఆకలి తీర్చెను. మనుష్యుడు లేని వాహనమే మఱియొకటి హాని చేసెను. కావున వాహనములో మనుష్యుడున్నాడా లేడా యను ప్రశ్న చాలదు. దానికై జవాబు చెప్పువాడెవడు అను ప్రశ్నయే ముఖ్యము.

మన ప్రభుత్వము 2021లో చేసిన డ్రోను నియమములును ఈ ప్రశ్ననే పట్టుకొన్నవి. ఆ నియమములు డ్రోనులను బరువునుబట్టి తరగతులుగ విభజించినవి: 250 గ్రాముల వఱకు నానో, ఆపైన 2 కిలోల వఱకు మైక్రో, 25 కిలోల వఱకు చిన్నది, 150 కిలోల వఱకు మధ్యమము, ఆపైన పెద్దది. ప్రతి డ్రోనునకు ప్రత్యేక సంఖ్య నిచ్చి నమోదు చేయుట ఆ నియమములలో ముఖ్యమైనది. ఆకాశమున నెగురుచున్నది ఎవరిదో నేలమీదివారికి తెలియవలెనని దాని భావము.

ఇక నా తీర్పు. మన బల్లమీది ఆటలో లెక్కలు తగ్గింపుడు; కాని మూడింటిని విడువకుడు. మొదటిది, యంత్రములో మనస్సు పెట్టి నడుపువాడు దాని గాయములో పాలుపొందవలయును. రెండవది, డ్రోను తన యంత్రబుద్ధితో చేసినదానికిని, ఆజ్ఞ యిచ్చినవాడే జవాబు చెప్పవలయును. మూడవది నేను చేర్చునది: డ్రోను క్రింద నున్న దారిని పోవువానికి, పాచిక వేయుటకు ముందే, ఒక పేరును, ఒక పనిని కల్పింపవలయును.

ఈ మూడవదానికి హేతువు మీకు తెలిసినదే. యెరికో దారిలో దొంగలచేత గాయపడి పడియున్నవాని కథను మీరు చిన్ననాటినుండి వినుచున్నారు. ఇద్దఱు వానిని చూచి ప్రక్కగా పోయిరి. సమరయుడు మాత్రము దగ్గఱకు వచ్చి, వానిని తన వాహనముమీద నెక్కించుకొని పోయెను. దూరమునుండి చూచినవారికి అతడు దారిలోని అడ్డు. దగ్గఱకు వచ్చినవానికి పొరుగువాడు. డ్రోను కెమెరా మనుష్యుని చుక్కవలె చూపును. ఆ చుక్కకు పేరు పెట్టుట మన పని.

ఆటలో ఇంత నీతి యేల యని కొందఱందురు. మరునాడు వారు నా నియమమును పరీక్షించిరి. ఒక విద్యార్థి తన డ్రోనుతో సంతవీథిలో శత్రువును కొట్టబోయెను. ఆట నడుపువాడు, క్రింద మిరపకాయ బజ్జీలు వేయుచున్న ముసలమ్మ గలదని, ఆమె పేరు నాంచారమ్మ యని చెప్పెను. ఆ విద్యార్థి పాచికలు చేతబట్టి కొంతసేపు మిన్నకుండెను. పిదప డ్రోనును వెనుకకు మరల్చెను. శత్రువు తప్పించుకొనెను, జట్టువారు వానిని మిక్కిలి నిందించిరి.

విద్యార్థులారా, మీలో కొందఱు మఱి కొన్ని సంవత్సరములలో నిజమైన డ్రోనులను చెఱువులమీదను, వరిచేలమీదను నడుపుదురు. ఆ దినమున మీ చేయి ఎంత దూరమున నున్నను, మీ మనస్సు ఆ బాలుని మనస్సువలె దగ్గఱ నుండునుగాక.